కిడ్నీలో కొవ్వు గడ్డ: స్కానింగ్ నుంచి ఎంబోలైజేషన్ దాకా నా అనుభవం

పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని, నెలసరి ఎక్కువవుతోందని, కడుపుబ్బరమని పొట్ట స్కానింగ్‌కి వెళ్తాం. వెతికింది దొరికినా దొరక్కపోయినా, రిపోర్టు కింద వరసలో ‘కుడి కిడ్నీలో తెల్లగా మెరిసే గడ్డ, ఎ.ఎం.ఎల్. కావచ్చు’ అని ఒక ముక్క రాసి ఉంటుంది. ఈ గడ్డ ఎక్కువమందిలో ఇలాగే బయటపడుతుంది. నాకు గర్భసంచి కోసం తీసిన స్కానింగులో కనపడింది. నొప్పి లేదు, మూత్రంలో రక్తం లేదు, జ్వరం లేదు. గడ్డ మాత్రం 5.4 సెంటీమీటర్లు.

ఎ.ఎం.ఎల్. అంటే యాంజియోమయోలైపోమా. రక్తనాళాలు, నునుపు కండరం, కొవ్వు మూడూ కలగాపులగంగా పెరిగిన గడ్డ. క్యాన్సర్ కాదు. ఫోనులో ఎ.ఎం.ఎల్. అని మూడక్షరాలు కొడితే ముందుగా వచ్చేది ఒక రకం బ్లడ్ క్యాన్సర్. దానికీ దీనికీ సంబంధం లేదు, పూర్తి పేరుతోనే వెతకండి. స్కానింగుల లెక్క ప్రకారం వెయ్యిమందిలో నలుగురి దాకా ఉంటుంది. మగవాళ్లలోకంటే ఆడవాళ్లలో ఎక్కువ, అదీ నడివయసులో. కండరం, ఇలాంటి అసహజ నాళాలు లేకుండా పూర్తిగా కొవ్వుతోనే ఉండే లైపోమా కూడా కిడ్నీలో వస్తుంది గానీ అది మరీ అరుదు. అందులో ఇలాంటి బలహీన నాళాలు ఉండవు కాబట్టి చిట్లే భయం కూడా దాదాపు ఉండదు.

కొవ్వు గడ్డ అనగానే ఇంట్లోవాళ్లు నెయ్యి గిన్నె దాచేస్తారు, పులస ముట్టుకోవద్దంటారు. తినే కొవ్వుకీ ఈ గడ్డకీ ఏ లింకూ లేదు. రావులపాలెం నుంచి అరటి దవ్వ తెప్పించి రసం తీసి తాగినా కరగదు, కొండపిండాకు కషాయానికీ కరగదు. అవి జనం రాళ్లకి వాడేవి, ఇది రాయి కాదు.

దీంతో ఇబ్బంది రెండు రకాలు. ఒకటి, పోల్చుకోవడంలో పొరపాటు: గడ్డని క్యాన్సర్ అనుకుని మంచి కిడ్నీ తీసేయడం, లేదా క్యాన్సర్‌ని ఈ గడ్డ అనుకుని వదిలేయడం. రెండోది, గడ్డలోని నాళం చిట్లి లోపల రక్తం కారడం. మొదటిదానికి చాలావరకు సరిగ్గా తీసిన సి.టి. చాలు. రెండోదాని దగ్గర గడ్డ సైజు ఒక్కటే చూస్తే సరిపోదు, మన ఇల్లు ఎక్కడుందో కూడా చూడాలి. పెద్దాసుపత్రి పక్కవీధిలో ఉన్నవాళ్లూ, గోదావరి డెల్టాలో, మధ్యలో ఒక ఏరు అడ్డం ఉన్న మనమూ ఒకే నిర్ణయం తీసుకోనక్కర్లేదు.

ముందు పోల్చుకోవడం సంగతి. అల్ట్రాసౌండులో ఈ గడ్డ తెల్లగా, కిడ్నీ మధ్యలో సహజంగా ఉండే కొవ్వంత మెరుస్తూ కనపడుతుంది. అలా కనపడితే ఎ.ఎం.ఎల్. అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ 3 సెంటీమీటర్ల లోపు కిడ్నీ క్యాన్సర్లలో కూడా చాలా వాటికి ఇదే తెలుపు ఉంటుంది. అందుకని మొదటిసారి గడ్డ కనపడ్డప్పుడు అల్ట్రాసౌండు మాట మీదే ఆగిపోకూడదు. ఒక్కసారైనా సి.టి. తీయించాలి, ఆ తర్వాత ఏటా చూసుకోవడానికి అల్ట్రాసౌండు చాలు.

సి.టి.లో తేల్చేది బొమ్మ అందం కాదు, అంకె. ఆ మిషను ప్రతి చుక్కకీ ఒక అంకె ఇస్తుంది, హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటారు, రిపోర్టులో హెచ్.యు. అని ఉంటుంది. నీళ్లకి సున్నా, గాలికి మైనస్ 1000, మందు (నాళాలు బొమ్మలో వెలిగేలా సూదితో ఎక్కించే కాంట్రాస్ట్) ఎక్కించకముందు కిడ్నీ కండకి 30, 40 మధ్య. కొవ్వు సున్నాకి బాగా కింద ఉంటుంది, అచ్చమైన కొవ్వయితే మైనస్ 100 దగ్గర. గడ్డలో ఒకచోట మైనస్ 10 కంటే కిందకి అంకె నిలకడగా వచ్చిందంటే అందులో కొవ్వున్నట్టే. కాల్షియం లేకుండా కొవ్వు కనపడితే దాదాపుగా అది ఎ.ఎం.ఎల్. అని తేల్చేస్తారు, ముక్క తీసి పరీక్షకి పంపక్కర్లేదు. కొవ్వుతో పాటు సున్నపు చుక్కలు కూడా ఉంటే మాత్రం అనుమానించాలి. క్యాన్సర్ గడ్డలో కూడా అరుదుగా కొవ్వు కనపడుతుంది, అలాంటప్పుడు కాల్షియం పక్కనే ఉండడం మామూలు.

ఇక్కడే పని చెడేది. ఆ అంకెని మందు ఎక్కించకముందు తీసిన బొమ్మల్లో కొలవాలి. మందు ఎక్కాక నాళాలు వెలిగి అంకె పైకి జరిగిపోతుంది. ముక్క మందం కూడా చూసుకోవాలి, ముక్క అంటే సి.టి. ఒంటిని పొరలు పొరలుగా కోసినట్టు తీసే ఒక్కో బొమ్మ. 5 మిల్లీమీటర్ల ముక్కల్లో చిన్న కొవ్వు చుక్క పక్కనున్న కండతో కలిసి సగటు అయిపోతుంది. నా గడ్డలో కండ, నాళాలు ఎక్కువ, కొవ్వు అక్కడో చుక్క ఇక్కడో చుక్క. మొదట 5 మిల్లీమీటర్ల ముక్కల్లో కొలిచి మైనస్ 4 అని రాశారు, కింద ‘కొవ్వు నిర్ధారణ కాలేదు, క్యాన్సర్ కాదని చెప్పలేం’ అన్నారు. ఆ కాగితం చూసి ఒకచోట కిడ్నీ తీసేద్దామని తేదీ కూడా చెప్పేశారు. అదే స్కాన్ నుంచి పల్చని ముక్కలు తీయించి, కొవ్వు చుక్క చుట్టూ చిన్న గీత గీసి కొలిస్తే మైనస్ 38 వచ్చింది.

కాబట్టి స్కానింగ్ సెంటర్లో ముందే అడగాల్సినవి ఇవి. కిడ్నీ గడ్డలో కొవ్వు కోసం చూస్తున్నాం అని టెక్నీషియన్‌కి నోటితో చెప్పండి, చీటీలో ఉంది కదా అని ఊరుకోకండి. ప్లెయిన్ బొమ్మలు, అంటే మందు లేనివి, ముందు తీయాలి, 1 నుంచి 3 మిల్లీమీటర్ల ముక్కలుండాలి. తర్వాత మందుతో తీసేవాటిలో ధమనులు వెలిగే మొదటి దశ తప్పనిసరి, నాళాల్లో ఉబ్బు అందులోనే తెలుస్తుంది. ఫిల్ము మీద అంకె కొలవడం కుదరదు, సీడీ అడిగి తీసుకోండి. మందపాటి ముక్కలే ఇచ్చారని తెలిస్తే ఆలస్యం చెయ్యకుండా వెళ్లి పల్చనివి అడగండి. అసలు డేటా మిషన్లో కొద్దిరోజులే ఉంచుతారు, చెరిపేశాక మళ్లీ స్కాన్ తీయించుకోవడమే.

మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ చూస్తారు, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష. సూది ఎక్కగానే గొంతు నుంచి కింద దాకా వేడిగా పాకుతుంది, నోట్లో ఇనుము రుచి, మూత్రం పడిపోయిందేమో అన్న భ్రమ. ఒక నిమిషంలో పోతుంది. ‘గాలి పీల్చి బిగబట్టండమ్మా’ అన్నప్పుడు ప్రతిసారీ ఒకే లోతున పీల్చాలి, లేకపోతే కిడ్నీ పైకీ కిందకీ జరిగి బొమ్మలు కలవవు. మన వైపు అందరూ అడిగేది ఇంకోటుంది: ‘రొయ్యలు పడవండీ, ఈ మందు పడుతుందా?’ రొయ్యల ఎలర్జీ వచ్చేది రొయ్యలోని ప్రొటీన్ వల్ల, అయోడిన్ వల్ల కాదు. అంతమాత్రాన ఈ మందు మానక్కర్లేదు. ఇంతకుముందు ఇదే మందు పడకపోయినా, ఉబ్బసం ఉన్నా అది మాత్రం దాచకుండా చెప్పాలి.

సి.టి.లో ఎంత వెతికినా కొవ్వు దొరకని ఎ.ఎం.ఎల్.లు కొన్ని ఉంటాయి. వాటికి ఎం.ఆర్.ఐ. చూస్తారు, అప్పటికీ తేలకపోతే సూదితో ముక్క తీస్తారు. ఆ ముక్కకి హెచ్.ఎం.బి.-45 అనే రంగు పరీక్ష చేస్తే ఎ.ఎం.ఎల్. అయితే పాజిటివ్ వస్తుంది, మామూలు కిడ్నీ క్యాన్సర్‌కి రాదు. ఎపిథెలియాయిడ్ అనే ఒక రకం మాత్రం క్యాన్సర్‌లాగా ప్రవర్తించగలదు, బయాప్సీ రిపోర్టులో ఆ మాట ఉంటే దారి వేరు. కిడ్నీ బయటికి పొడుచుకొచ్చిన పెద్ద కొవ్వు గడ్డని వెనకవైపు పెరిగే లైపోసార్కోమా అనే క్యాన్సర్‌తో పొరపడుతుంటారు. అక్కడ రేడియాలజిస్టు చూసేది కిడ్నీ అంచు. ఎ.ఎం.ఎల్. అయితే అంచులో చీలిక లాంటి నొక్కు ఉంటుంది, దాంట్లోంచి గడ్డలోకి నాళం వెళ్తుంటుంది. లైపోసార్కోమా అయితే కిడ్నీని పక్కకి నెడుతుంది తప్ప అంచుని కొరకదు.

రెండు కిడ్నీల్లోనూ గడ్డలున్నా, ఒకేదాంట్లో చాలా ఉన్నా, చిన్న వయసులోనే వచ్చినా ట్యూబరస్ స్క్లీరోసిస్ అనే జన్యు జబ్బు గురించి ఆలోచించాలి. ఎ.ఎం.ఎల్. ఉన్నవాళ్లలో సుమారు ఐదోవంతు మందికి ఈ సంబంధం ఉంటుంది. ముక్కు పక్కన, బుగ్గల మీద ఎర్రటి చిన్న బొడిపెలు వస్తాయి, మొటిమలని ఏళ్ల తరబడి క్రీములు రాస్తుంటారు. ఒంటి మీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలు, గోళ్ల పక్కన కండ పెరగడం, చిన్నప్పుడు ఫిట్స్ ఉండడం, ఇవన్నీ డాక్టరు గారికి చెప్పాల్సినవి. ఆడవాళ్లకయితే ఊపిరితిత్తుల సి.టి. కూడా తీస్తారు. ఈ జబ్బుతో వచ్చిన గడ్డలకి ఎవెరోలిమస్ మాత్ర ఉంది, రోజుకి 10 మిల్లీగ్రాములు, అమెరికాలో 2012లో అనుమతించారు. గడ్డ తగ్గుతుంది గానీ మాత్ర ఆపితే మళ్లీ పెరుగుతుంది. నోట్లో పుళ్లు బాగా ఇబ్బంది పెడతాయి. నాలాగా ఒక్క గడ్డే ఉండి, ఒంటి మీద ఏ గుర్తులూ లేనివాళ్లది సాధారణంగా వంశపారంపర్యం కాదు, పిల్లలందరికీ స్కానింగులు తీయించనక్కర్లేదు.

పేరు తేలాక ఏం చెయ్యాలన్నది. పాత లెక్క 4 సెంటీమీటర్లు: అంతకు తక్కువైతే చూస్తూ ఉండడం, ఎక్కువైతే ఏదో ఒకటి చెయ్యడం. ఇప్పుడు 4 దాటగానే పరుగులు పెట్టించడం లేదు. ఎందుకంటే ఇలా ఒంటరిగా వచ్చిన గడ్డలు చాలావరకు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. సైజు కంటే గట్టి గుర్తు నాళంలో ఉబ్బు (అన్యూరిజం). గడ్డలోని నాళాల గోడలు సరిగ్గా ఏర్పడవు, సాగే గుణం తక్కువ, అందుకే ఉబ్బుతాయి. ఆ ఉబ్బు 5 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే చిట్లే అవకాశం పెరుగుతుంది. రిపోర్టులో దీని గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే ‘అన్యూరిజం ఉందా, ఎన్ని మిల్లీమీటర్లండీ?’ అని అడగండి. నాది 6 ఉంది. గర్భం మీద ఉన్నప్పుడు గడ్డ పెరగడం, చిట్లడం ఎక్కువ కాబట్టి పిల్లల్ని కనాలనుకునేవాళ్లకి ముందే చికిత్స చెయ్యడం మంచిదంటారు. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పాలి.

యూరప్ యూరాలజీ సంఘం మార్గదర్శకాల్లో, ఎవరికి చికిత్స ఆలోచించాలో చెప్పేచోట పెద్ద గడ్డలు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లతో పాటు ఇంకో వరస ఉంది: అత్యవసర వైద్యం సరిగ్గా అందని చోట ఉన్నవాళ్లు, మళ్లీ మళ్లీ పరీక్షకి రాలేనివాళ్లు. మన డెల్టాలో సగం ఊళ్లకి ఈ వరస వర్తిస్తుందని నా అభిప్రాయం. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు వాళ్లకి నరసాపురం కళ్లెదుటే ఉంటుంది, మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ. పగలైతే పంటు (బల్లకట్టు) ఎక్కి దాటేస్తాం. అర్ధరాత్రి పంటుండదు, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చుట్టి రావాలి. అమలాపురం నుంచి కాకినాడ అంటే ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం. రాజమండ్రి అంటే రావులపాలెం, జొన్నాడ. వరద రోజుల్లో నది మధ్య లంక ఊళ్లవాళ్లకి కాజ్‌వే మునిగిపోతే గట్టెక్కడానికే పడవ కావాలి. తీరా చేరిన ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తారు గానీ, రాత్రిపూట గడ్డ నాళాన్ని లోపల నుంచి మూసే, అంటే ఎంబోలైజేషన్ చేసే డాక్టరు ఉండాలిగా. అలాంటి చోటు విజయవాడో విశాఖో అయ్యిందంటే దారిలో పోయే సమయాన్ని కూడా గడ్డ సైజుతో కలిపి లెక్కేసుకోవాలి. 4.5 సెంటీమీటర్ల గడ్డతో విశాఖలో ఉండేవాళ్లు నిశ్చింతగా ఏడాదికోసారి చూపించుకోవచ్చు. అదే గడ్డతో లంకలో ఉండేవాళ్లు చికిత్స అడిగితే అది పిరికితనం కాదు.

చిట్లితే ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలిసుండాలి. ఒక్కసారిగా నడుం పక్కన గట్టి నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం, నాడి వేగంగా కొట్టుకోవడం, ఒక్కోసారి మూత్రంలో రక్తం, పక్కన పొట్ట గట్టిపడడం. రక్తం కిడ్నీ వెనకాల ఖాళీలో పోగవుతుంది కాబట్టి బయటికి ఏమీ కనపడకపోవచ్చు. నొప్పి చూస్తే రాయి నొప్పిలాగే ఉంటుంది. ఊళ్లో ఆర్.ఎం.పి. గారు ‘రాయేనమ్మా, ఒక సూదేస్తే తగ్గిపోద్ది’ అని డైక్లోఫెనాక్ చేసేస్తారు. ఆ మందు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది, కిడ్నీకీ మంచిది కాదు. పైగా నొప్పి కాస్త సర్దుకునేసరికి తెల్లారాక చూద్దాంలే అనిపిస్తుంది, అసలు నష్టం అక్కడే.

చెయ్యాల్సింది: పడుకోబెట్టాలి, నోటికి ఏమీ ఇవ్వకూడదు, 108కి ఫోన్ చేసి ‘కిడ్నీలో గడ్డ ఉంది, లోపల చిట్లి రక్తం కారుతుండొచ్చు’ అని ఆ మాటే చెప్పాలి. కడుపునొప్పి అంటే వేరేగా చూస్తారు. ఆసుపత్రిలో మొదట చేసిన హిమోగ్లోబిన్ బాగుందని ఊరుకోకూడదు. రక్తం పోయిన మొదటి గంటల్లో అంకె పడదు, ఒంట్లో నీరు నాళాల్లోకి చేరాకే పడుతుంది. అందుకే పరీక్ష కొన్ని గంటలకి మళ్లీ చెయ్యాలి, మామూలుగా మీకు ఎంత ఉంటుందో పాత కాగితం చూపించాలి. సి.టి.లో రక్తం కనపడ్డాక కూడా మొదటి చికిత్స కిడ్నీ తీసెయ్యడం కాదు, నాళం మూసెయ్యడం. అది చేసే చోటికి పంపగలిగే స్థితి ఉంటే పంపమని అడగాలి. బీపీ నిలవకపోతే మాత్రం ప్రాణమే ముందు, అక్కడ చెయ్యగలిగింది చెయ్యనివ్వాలి.

ఇక ఎంబోలైజేషన్, అంటే గడ్డకి రక్తం తెచ్చే నాళాన్ని సన్నటి గొట్టంతో లోపల నుంచే మూసెయ్యడం. చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. గది పేరు క్యాథ్ ల్యాబ్ కాబట్టి గుండె డాక్టరు చేస్తారనుకుంటారు చాలామంది. ఫోన్లో అడిగేటప్పుడు ‘క్యాథ్ ల్యాబ్ ఉందా’ అంటే అన్నిచోట్లా ఉందనే చెప్తారు. ‘కిడ్నీ ఎంబోలైజేషన్ చేస్తారా, మైక్రోక్యాథెటర్ వాడతారా’ అని అడిగితేనే అసలు జవాబు వస్తుంది. ప్రభుత్వ పథకం కింద చేయించుకోవాలంటే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ఉండే వైద్యమిత్రని ముందే కలవాలి. పని అయ్యాక కాగితం పెడతామంటే కుదరదు, ముందస్తు అనుమతి రావాలి. గడ్డ పేరు, సైజు, చెయ్యబోయే పని మూడూ డాక్టరు చీటీలో స్పష్టంగా లేకపోతే అది తిరిగొస్తుంది. పథకం గురించి 104కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

ముందు రోజు హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష, క్రియాటినిన్, బ్లడ్ గ్రూపు, ఈసీజీ చేస్తారు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో వాళ్లే చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లకి సాధారణంగా ఆ రోజు నుంచి 48 గంటలు ఆపి, క్రియాటినిన్ మళ్లీ చూసి మొదలుపెట్టమంటారు. ఆరు గంటలు ఏమీ తినకూడదు. సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వరు. గజ్జల్లో ఒక సూదితో తిమ్మిరి ఎక్కించి, అక్కడి ధమనిలోంచి 5 ఫ్రెంచ్ క్యాథెటర్ పంపిస్తారు, అంటే 1.7 మిల్లీమీటర్ల లావు. అది కిడ్నీ ధమని మొదట్లోకి చేరాక మందు కొట్టి బొమ్మ తీస్తారు. పక్కన తెర మీద మనకీ కనపడుతుంది. మంచి కిడ్నీ నాళాలు కొమ్మలు కొమ్మలుగా పద్ధతిగా చీలుతుంటే, గడ్డలోవి కాలవలో గుర్రపుడెక్క వేళ్లలా చిక్కుపడి, మధ్యలో ఉబ్బుతో కనపడ్డాయి. తర్వాత పెద్ద గొట్టం లోపల నుంచి మిల్లీమీటరు కంటే సన్నటి మైక్రోక్యాథెటర్‌ని గడ్డకి వెళ్లే కొమ్మలోకే దూరుస్తారు. పని అంతా ఇక్కడే ఉంది. ఎంత లోపలికి వెళ్తే మంచి కిడ్నీ అంత మిగులుతుంది.

మూయడానికి వాడేవి రకరకాలు: పి.వి.ఎ. అనే ప్లాస్టిక్ లాంటి పదార్థపు రేణువులు, గుండ్రటి మైక్రోస్ఫియర్లు, లిపియోడాల్ అనే నూనెమందుతో కలిపిన ఆల్కహాలు, ఉబ్బుకి కాయిల్ అనే లోహపు తీగ చుట్ట. రేణువుల సైజు మైక్రాన్లలో చెప్తారు, మిల్లీమీటరులో వెయ్యో వంతు. మరీ సన్నవి వాడితే గడ్డలోని అడ్డదారుల గుండా సిరల్లోకి జారి ఊపిరితిత్తులకి పోయే ప్రమాదం ఉంది. మరీ పెద్దవైతే మొదట్లోనే ఇరుక్కుని, లోపలి నాళాలు పక్కదారిలో మళ్లీ రక్తం తెచ్చుకుంటాయి. ఒక్క కాయిల్ వేసి పెద్ద కొమ్మ మూసేసి ఊరుకున్నా అదే జరుగుతుంది, పైగా రెండోసారి లోపలికి వెళ్లే దారి కూడా పోతుంది. నాకు 300 నుంచి 500 మైక్రాన్ల రేణువులు వేసి, ఉబ్బులో కాయిల్ పెట్టారు. రేణువులు వెళ్లేటప్పుడు నడుం పక్కన లోతుగా నొప్పి మొదలవుతుంది. అది చెప్పాలి, ఓర్చుకోనక్కర్లేదు, సెలైన్‌లో మందు ఇస్తారు.

అయ్యాక గజ్జ మీద పదిహేను ఇరవై నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుంటారు. ఆ కాలు నాలుగు నుంచి ఆరు గంటలు మడవకూడదు. మూత్రానికి లేవకుండా బెడ్‌ప్యానే. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా కట్టు మీద చెయ్యి అదిమి పెట్టుకోవాలి. అక్కడ గట్టిగా ఉండలా లేచినా, తడిగా అనిపించినా, పాదం చల్లబడినా నర్సుని వెంటనే పిలవాలి.

ఆ మర్నాటి నుంచి జ్వరం, నడుం నొప్పి, వాంతి వచ్చినట్టుండడం. ఇది ఎక్కువమందికి వస్తుంది, గడ్డలో కణాలు చచ్చిపోతున్నందుకు ఒళ్లు చేసే అల్లరి. పారాసెటమాల్‌తో, నీళ్లతో వారం లోపు సర్దుకుంటుంది. ఇన్‌ఫెక్షన్ అని భయపడి యాంటీబయాటిక్ మార్చి మార్చి వాడేవాళ్లుంటారు, అనవసరం. అయితే తగ్గిన జ్వరం మళ్లీ లేచినా, చలి వణుకుతో వచ్చినా, వారం దాటినా అది వేరే సంగతి. చచ్చిన గడ్డలో చీము పట్టి ఉండొచ్చు, స్కాన్ తీయించాలి. క్రియాటినిన్ రెండు మూడు రోజుల్లో ఒకసారి చూడాలి.

ఫలితం గురించి ముందే తెలిసుంటే దిగులుండదు. మూసేస్తే ఎండిపోయేవి నాళాలు, కండ. కొవ్వు అంతగా తగ్గదు. కాబట్టి కొవ్వెక్కువ ఉన్న గడ్డ ఆరు నెలల తర్వాత కూడా దాదాపు అంతే కనపడొచ్చు. దాన్ని చూసి పని విఫలమైందనుకోకూడదు. ఉబ్బు పోయిందా, మందుతో వెలిగే భాగం పోయిందా అన్నదే చూడాలి. నా గడ్డలో కొవ్వు తక్కువ కాబట్టి 3.9కి దిగింది, ఉబ్బు లేదు. కొందరికి కొన్నేళ్లకి నాళాలు మళ్లీ తెరుచుకుని రెండోసారి చెయ్యాల్సి వస్తుంది. అందుకే అయిపోయిందని ఫైలు అటకెక్కించకూడదు. ఆపరేషన్ చేసి గడ్డ వరకే తీసే పద్ధతి కూడా ఉంది. క్యాన్సర్ అనుమానం తీరనప్పుడు, గడ్డ అంచున అనువుగా ఉన్నప్పుడు అది మంచిదే. మొత్తం కిడ్నీ తీసెయ్యాలని ఎవరైనా అంటే ‘గడ్డ వరకే ఎందుకు కుదరదండీ?’ అని అడిగి, జవాబు విన్నాకే సంతకం పెట్టండి.

చికిత్స లేకుండా చూసుకుంటున్నవాళ్లు ఏడాదికోసారి అల్ట్రాసౌండు తీయించుకుంటే సరిపోతుంది. మొదటి ఏడాది డాక్టరు ఆరు నెలలకే రమ్మనొచ్చు. వీలైతే ఒకే సెంటర్లో, ఒకే డాక్టరు చేత. ఒకరు అడ్డంగా, ఇంకొకరు నిలువుగా కొలిస్తే అరసెంటీమీటరు తేడా ఉత్తుత్తిగా వచ్చేస్తుంది, పెరిగిందని గాబరా పడతాం. పాత రిపోర్టు పట్టుకెళ్లి ‘ఈ కొలతే మళ్లీ తీయండి’ అని అడగాలి. బీపీ అదుపులో ఉంచుకోవాలి. మామూలు పనులన్నీ చేసుకోవచ్చు. పెద్ద గడ్డ ఉన్నవాళ్లు కొబ్బరి చెట్లెక్కి దింపు తియ్యడం, కబడ్డీ లాంటి, పొట్టకి దెబ్బ తగిలే పనులు మానుకోవడం మేలు.

ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవాల్సినవి: గడ్డ పూర్తి పేరు, ఏ కిడ్నీ, సైజు, ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లు, బ్లడ్ గ్రూపు, చివరి హిమోగ్లోబిన్, క్రియాటినిన్, పడని మందులు, కాయిల్ పెట్టి ఉంటే ఆ సంగతి. సీడీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఒక కాపీ వేరే ఊళ్లో ఉండే పిల్లల దగ్గర ఉంచండి, మన తేమకి అవి బూజు పడతాయి. ఏడాది పరీక్షకి ఆగస్టులో తేదీ ఇస్తే జూన్‌కి జరపమనండి. గోదారి పొంగాక లంకల్లోంచి ఎవరూ స్కానింగ్‌కి రారు, ఆ ఏడు పరీక్ష అలా ఎగిరిపోతుంది.